ఉప్పునీళ్ల వేషం

ఇది చాలా చిన్న కథ. బిందె నిండేలోపు చెప్పేస్తాను. సూర్యావతి ఒక పద్యాన్ని మధ్యలో ఆపేసింది, అంతే కథ. కాకపోతే బిందె అన్నాక బోరింగు సంగతి చెప్పాలి, బోరింగు అన్నాక వరస సంగతి చెప్పాలి, వరస అన్నాక రాజ్యం సంగతి చెప్పకపోతే ఆవిడ ఊరుకోదు.

ఆ రోజుల్లో వెలగలమెరక జనమంతా పొద్దున్న ఐదున్నరకల్లా హైస్కూలు ఆవరణలో ఉండేవారు. చదువు మీద మక్కువతో కాదు. ఊరు మొత్తానికి తియ్యటి నీళ్లు పడే బోరింగు అదొక్కటే. రాజ్యం తన బిందెను ముందురోజే వరసలో పెట్టి, దానికి గుర్తుగా ఒక ఇటుక పెట్టి వెళ్లేది. రెండుసార్లు ఆ ఇటుకను ఎవరో ఎత్తుకుపోయారు. బిందె జోలికి మాత్రం పోలేదు. మాది అంత మర్యాదస్తుల ఊరు.

మిగతా బోరింగులన్నీ ఉప్పెక్కిపోయాయి. రొయ్యల చెరువుల వల్ల. ఈ మాట ఊళ్లో ఎవరినడిగినా చెప్పేవారు. చెప్పి, చెరువులు తవ్వినవాళ్లను నాలుగు తిట్లు తిట్టి, ఆపైన తమ చెరువుకి మేత వెయ్యడానికి వెళ్లేవారు. తొంభై రెండులో మొదటి చెరువు పడింది. తొంభై ఐదు నాటికి వరి పండించేవాణ్ణి చూసి పెళ్లిసంబంధాలవాళ్లు జాలిపడే స్థితి వచ్చింది. హైస్కూలు వెనకాల బుల్లిరాజుగారి ఆరెకరాలు మాత్రం చెరువు కాకుండా మిగిలాయి. ఆయన వద్దనుకుని కాదు. ఉప్పుకాలవకీ ఆ పొలానికీ మధ్యలో నాగేంద్రబాబుగారి కొబ్బరితోట ఉంది. బుల్లిరాజుగారి కూతురి పెళ్లిలో నాగేంద్రబాబుగారి విస్తట్లో కాజా పడలేదు. అందుచేత ఆయన తన తోటలోంచి ఉప్పునీటి గొట్టం వెళ్లనివ్వనన్నాడు. బుల్లిరాజుగారు పొలాన్ని చెరువు లోతున తవ్వించి, గట్లు పోయించి, అందులోనే బోరు వేయిస్తే, ఎంత లోతు వేసినా కొబ్బరినీళ్ల లాంటి నీళ్లే పడ్డాయి. ఆయన నుదురు కొట్టుకున్నాడు. ఊరి దాహం మూడేళ్లపాటు ఒక కాజా మీద నిలబడింది.

ఇక సూర్యావతి.

సూర్యావతి హైస్కూల్లో కుట్టు టీచరు. అంతకుముందు పదిహేనేళ్లు పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టింది. ఏ వేషం కడితే అదయిపోయేది. గంగ వేషం కడితే స్టేజీ మీద చీలమండ లోతు నీళ్లు నిలిచేవి. ఇది అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు, మాట్లాడితే తడిసిన చాపల గురించి మాట్లాడేవారు. హార్మోనిస్టు తన పెట్టెను ఎత్తు బల్ల మీద పెట్టుకునేవాడు. మైకుసెట్టు సాలమోను ముందే అడిగేవాడు, “ఇయ్యాల గంగ ఉందాండీ? ఉంటే వైర్ల కింద ఇటుకలెట్టాలండి” అని. (రాజ్యం ఇటుకలు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు, చెప్పను.) ఒకసారి బిచ్చగత్తె వేషం కట్టి, ఆట అయ్యాక సూర్యావతి ఆకలేసి సొంత అన్నగారింటికి వెళ్తే, ఆయన గుర్తుపట్టక గుమ్మంలోనే గుప్పెడు బియ్యం పోసి పంపేశాడు. వేషం తీశాక మళ్లీ సూర్యావతి అవడానికి ఆవిడకి మొదట్లో గంట పట్టేదట. పోనుపోనూ రోజు పట్టేది. రికార్డింగు డాన్సులు వచ్చి పద్యాలు వినేవాళ్లలో పళ్లున్నవాళ్లు కరువయ్యాక, ఆవిడ వేషాలు మానేసి కుట్టు మిషను తొక్కుకుంటూ ఉండిపోయింది.

తొంభై ఐదులో, ప్రతి హైస్కూల్లోనూ పిల్లలతో పర్యావరణ సంఘం పెట్టాలని జిల్లా నుంచి కాగితం వచ్చింది. హెడ్మాస్టరుగారు దాన్ని సైన్సు మాస్టారికి ఇచ్చారు. సైన్సు మాస్టారికి నాలుగెకరాల రొయ్యల చెరువు.

“నాలుగింటికి నాకు మేత టైమండీ,” అన్నాడాయన.

డ్రిల్లు మాస్టారికి మూడెకరాలు. తెలుగు మాస్టారు బావమరిదితో కలిసి వాటా. ఇక మిగిలింది కుట్టు టీచరు. చెరువు లేని మనిషి ఆవిడొక్కర్తే కాబట్టి కాగితం ఆవిడ మిషను మీదికి చేరింది.

“ఏం చేస్తావమ్మా సూర్యావతీ? చెట్ల బొమ్మలు వేయించి గోడకి అంటిస్తే సరిపోద్ది,” అన్నారు హెడ్మాస్టరుగారు.

“చెబితే పిల్లలు వినరండి. ఆడితే వింటారు. నాటకం వేయిస్తానండి.”

“ఆయ్, నీ ఇష్టం. బెంచీలు మాత్రం తడపకు.”

నాటకం ఆవిడే రాసుకుంది. మంచినీళ్లు ఒక పాత్ర, ఉప్పునీళ్లు ఒక పాత్ర, మిగతా పిల్లలంతా ఊరు. మొదటి రంగంలో మంచినీళ్లు ఊళ్లో తిరుగుతుంది. రెండో రంగంలో ఉప్పునీళ్లు వచ్చి పడుతుంది, మంచినీళ్లు చచ్చిపోతుంది. ఆఖరి రంగంలో ఊరంతా కలిసి పిలిస్తే మంచినీళ్లు మళ్లీ లేచి వస్తుంది. మంచినీళ్ల వేషం సూర్యావతిదే. ఉప్పునీళ్ల వేషానికి ఆడపిల్లెవరూ ముందుకు రాలేదు. దానికి కిరీటం లేదు మరి. ఎనిమిదో తరగతి జ్యోతిర్మయి ఒక్కర్తే లేచి నిలబడింది. కొబ్బరి దింపులు తీసే తాతారావు కూతురు. తండ్రి చెట్టెక్కితే కింద నిలబడి, పడే కాయల్ని లెక్కపెట్టి పై దాకా వినబడేలా కేకేసే పిల్ల. గొంతు అక్కడ తయారైంది.

సూర్యావతి ఆ పిల్లకి ఒక ఆటవెలది నేర్పింది.

మీరు తాగు నీరు మేము మింగెదమయ్య,
ఉప్పు కొంగు గప్పి ఊరు ముంచి;
కొబ్బరాకు మీద కూర్చుండి నవ్వెదం;
దప్పికొన్నవారు దండమిడుడు!

నాలుగో రోజు రిహార్సల్లో, పిల్ల మూడో పాదం ఎత్తుకునేసరికి గది మూలల్లోంచి నీళ్లు ఊరాయి. సూర్యావతి వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

“ఉప్పు చాలలేదే. ‘కూర్చుండి’ దగ్గర గొంతు దించు. నీకు జాలి లేదు, గుర్తుంచుకో.”

“జాలేస్తందండి టీచరుగారూ.”

“వేషంలో ఉన్నప్పుడు వెయ్యకూడదు. దిగేక వేసుకో.”

పిల్ల గొంతు దించింది. ఈసారి సూర్యావతి వేలు నాకి ఉమ్మేసింది. ఉమ్మేసి, పిల్లను దగ్గరకు లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. పదిహేనేళ్ల తన విద్య ఒకళ్లకి వచ్చిందని ఆవిడ ఆ రోజు ఎంత సంబరపడిందంటే, బ్లౌజులు కుట్టి ఇమ్మని రాజ్యం ఇచ్చిన గుడ్డతో ఆ పిల్లకి ఉప్పునీళ్ల పైట కుట్టేసింది. రాజ్యం ఈ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

పాఠం చెప్పే పద్ధతి కూడా ఆవిడే పెట్టింది. ఆట మధ్యలో ఊరు వేషం వేసిన పిల్లలంతా తలో గ్లాసూ ముంచుకుని, మొదటి రంగంలో నీళ్లు, రెండో రంగంలో నీళ్లు తాగి చూసి, తేడా నోటుపుస్తకంలో రాయాలి. పిల్లలకి ఇది భలే నచ్చింది. సంవత్సరం తిరిగేసరికి ఒక్క చుక్క నాలిక మీద పడితే ఉప్పెంతో చెప్పేసేవాళ్లు. మా ఊరి పర్యావరణ సంఘానికి జిల్లా సైన్సు ప్రదర్శనలో కప్పు వచ్చింది. ఆ కప్పుని సైన్సు మాస్టారు అందుకున్నాడు.

నాటకం రాజోలు చుట్టుపక్కల పదిహేడు స్కూళ్లలో ఆడారు. పదిహేడు చోట్లా ఒకటే గోల. మా వైపు జనానికి పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు. చచ్చిపోయిన పాత్రయినా సరే, లేచి మళ్లీ పాడి మళ్లీ చావాలి. వన్స్ మోర్ కాదన్న కళాకారుడు గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. జ్యోతిర్మయి “దండమిడుడు” అనగానే వన్స్ మోర్. మళ్లీ వన్స్ మోర్. మంచినీళ్లు చచ్చిపోతుంటే చూసి ఆడవాళ్లు ఏడ్చేవారు, ఏడ్చి మళ్లీ చంపమనేవారు. ఇలా ఆరేడుసార్లు అయ్యేసరికి లాంగ్ బెల్లు కొట్టేవారు, లేదంటే కరెంటు పోయేది, అదీ కాకపోతే సాలమోను “నాకు అయితపూడిలో పెళ్లుందండి” అని మైకు విప్పుకుపోయేవాడు. ఆఖరి రంగం ఏ ఊళ్లోనూ ఆడలేదు. సూర్యావతి దాన్ని పిల్లలకి నేర్పనే లేదు, తన పద్యాలే కదా అని తన దగ్గరే ఉంచుకుంది.

“టీచరుగారూ, ఆఖరి రంగం ఎప్పుడు ఆడతామండి?” అని జ్యోతిర్మయి అడిగేది.

“ఆడదామే. ఓ రోజు జనం ఊరుకుంటారు.”

జనం ఊరుకోలేదు. మా ఊళ్లో ఆడిన రోజు ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్న ముగ్గురు, మర్నాడు పొద్దున్నే పొక్లెయినరు పిలిపించి కొత్త గట్లు వేయించారు. వాళ్లను తప్పుపట్టకూడదు. పొక్లెయినరు దొరకడం ఆ రోజుల్లో చాలా కష్టం.

తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చింది. దాని గురించి అందరికీ తెలుసు కనుక తాతారావు మట్టుకే చెబుతాను. తాతారావు ఎక్కే చెట్లన్నీ ఆయన కంటే ముందే కిందకి దిగిపోయాయి. మొవ్వులు విరిగి నిలబడ్డ మొండేల్ని ఎవరూ ఎక్కమనరు. కొత్తగా వేసిన మొక్కలు కాపుకి రావడానికి ఆరేళ్లు. అందుకని తాతారావు అరుగు మీద కూర్చుని, ఆరేళ్లు ఎలా గడపాలో ఆలోచిస్తూ చుట్టలు కాల్చాడు. ఆయన భార్య సత్యదుర్గ ఆలోచించలేదు. కువైటులో ఇంటిపనికి పాస్‌పోర్టు పెట్టింది. మా వీధిలోంచి అప్పటికే నలుగురు వెళ్లారు. ఇల్లు రాసిచ్చిన కాగితం ఏజెంటు దగ్గర పెట్టారు. ఫిబ్రవరిలో వీసా వచ్చింది.

జ్యోతిర్మయికి ఆ పిల్లవయసులో ఒకటే భయం. వెళ్లిన నలుగురిలో ఒకావిడ ఉత్తరాలు ఆగిపోయి ఏడాదయింది. తల్లి వెళ్తే మళ్లీ రాదని పిల్ల తేల్చేసుకుంది. అన్నం మానేసింది, నాటకం మానలేదు.

ఫిబ్రవరి ఆఖర్న సైన్సు దినోత్సవానికి మా స్కూల్లోనే ఆట. ముఖ్య అతిథి బుల్లిరాజుగారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ, మెడలో దండ. జ్యోతిర్మయి వచ్చింది. అన్నం తినని కడుపుతో, జాలి లేని గొంతుతో పాడింది. నీళ్లు స్టేజీ దిగి ముందు వరస దాకా వచ్చాయి. అందరూ కాళ్లు పైకి పెట్టుకున్నారు. బుల్లిరాజుగారొక్కరూ వంగి, జేబులోంచి చెరువులాళ్లు ఉప్పు కొలుచుకునే గాజుగొట్టం తీసి నీళ్లలో ముంచారు. కళ్లజోడు పైకెత్తి చూశారు.

“పదిహేను,” అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు. పక్కనున్న సైన్సు మాస్టారికి అర్థమయింది.

“టైగరు రొయ్యకి సరిగ్గా సరిపోద్దండి!” అన్నాడాయన.

“వన్స్ మోర్!” అని అరిచారు బుల్లిరాజుగారు. పద్యం మీద ఆయనకి ఇష్టం ఉన్నట్టు అంతవరకూ ఎవరికీ తెలియదు.

మర్నాడు ఆయన మనిషిని పంపకుండా స్వయంగా తాతారావు అరుగు మీదికి వచ్చారు. తాతారావు చుట్ట ఆర్పేసి లేచి నిలబడ్డాడు. బుల్లిరాజుగారు తాతారావుతో మాట్లాడలేదు, గుమ్మంలో నిలబడ్డ పిల్లతో మాట్లాడారు.

“అమ్మాయ్, నా ఆరెకరాల గట్టు మీద మూడు సాయంత్రాలు ఆ పద్యం పాడాలే. ఏం కావాలో అడుగు.”

“మా అమ్మని కువైటు ఎల్లకుండా ఆపుతారాండీ?”

“ఓసి, అంతేనా? ఆ ఏజెంటు నా ఇంట్లో అన్నం తిని పెరిగినోడు. వీసా ఎనక్కి పంపించేస్తాడు, కాగితం తెచ్చి మీ నాన్న చేతిలో పెడతాడు. నా మాట.”

“ఒట్టాండీ?”

“ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకోవే!” అని లోపల్నుంచి సత్యదుర్గ కసిరింది. కసిరింది గానీ వద్దనలేదు.

సూర్యావతి ఆ వారం కుట్టు పరీక్షల పనిమీద అమలాపురం వెళ్లింది. ఆవిడ లేని రెండు సాయంత్రాలూ ఊరంతా బుల్లిరాజుగారి గట్టు మీదే ఉంది. పల్లీలు అమ్మేవాడు కూడా వచ్చాడు. జ్యోతిర్మయి స్కూలు లంగాజాకెట్టు మీద ఉప్పునీళ్ల పైట వేసుకుని నిలబడి పాడింది. మొదటిరోజు మోకాలి లోతు, రెండోరోజు తొడ లోతు. వన్స్ మోర్ అన్నది ఈసారి బుల్లిరాజుగారే, గొట్టం చూసుకుంటూ. నాగేంద్రబాబుగారు తన తోట కంచె దగ్గర నిలబడి, ఒక కాజాతో పోయేదానికి ఇంత చేసుకున్నానా అన్నట్టు చూశాడు.

మూడోరోజు నాలుగున్నరకి సూర్యావతి బస్సు దిగింది. ఎవరు చెప్పారో గానీ (రాజ్యం) సంచీ చేత్తోనే పట్టుకుని తిన్నగా గట్టు మీదికి వచ్చింది. అప్పటికి నీళ్లు నడుం దాటాయి. పిల్ల కళ్లు మూసుకుని పాడుతోంది. సూర్యావతి సంచీ పడేసి, చెప్పులతోనే చెరువులోకి దిగిపోయింది. దిగి, ఊపిరి పీల్చుకుని ఎత్తుకుంది.

అది ఆఖరి రంగంలో పద్యం. పదిహేడు ఊళ్లలో ఎవరూ విననిది. మొదటి పాదం అయ్యేసరికి గట్టు మీద పల్లీలు నమలడం ఆగిపోయింది. ఆవిడ చుట్టూ నీళ్లు రంగు తేరాయి. ఊరు వేషం వేసే పిల్లల్లో ఒకడు అలవాటు కొద్దీ దోసిలి ముంచి తాగి, “తీపి!” అని అరిచాడు. బుల్లిరాజుగారు గొట్టం ముంచి చూసుకుని “పన్నెండు” అన్నారు. రెండో పాదానికి “తొమ్మిది” అన్నారు. మూడో పాదానికి గొట్టం విదిలించి మళ్లీ ముంచారు.

జ్యోతిర్మయి కళ్లు తెరిచింది.

“టీచరుగారూ, పాడకండి. మా అమ్మ ఎల్లిపోద్దండి.”

సూర్యావతి పిల్లవైపు చూసింది. గట్టు మీద తాతారావు పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ సత్యదుర్గ వైపు చూసింది. స్కూలు బోరింగు వైపు కూడా చూసింది, అది అక్కడికి కనబడుతుంది. నాలుగో పాదం ఆవిడ నోట్లోనే ఉంది. నోరు తెరిచే ఉంది. పాడలేదు.

ఒక్కళ్లు కూడా వన్స్ మోర్ అనలేదు. అన్ని ఊళ్లలో అన్నిసార్లు అన్నవాళ్లం, అక్కడ అంటే ఏమయ్యేదో.

ఆవిడ నీళ్లలోంచి ఎక్కి వచ్చి, చెప్పులు విడిచి నీళ్లు వంపుకుని, సంచీ తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. జ్యోతిర్మయి ఇంకో నాలుగుసార్లు పాడింది. గొట్టం మళ్లీ పదిహేనుకి వచ్చింది. చెరువు నిండింది.

చెరువు నిండిన వారానికి తాతారావు బుల్లిరాజుగారి ఇంటికి వెళ్లి, కాగితం సంగతి అడిగాడు.

“చూద్దాం అన్నానయ్యా నేను. వీసా వచ్చేక ఆగదంట. ఆ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు? రెండేళ్లే కదా, కళ్లు మూసి తెరిస్తే అయిపోద్ది,” అన్నారు బుల్లిరాజుగారు. ఆయన మాట తప్పేరని మా ఊళ్లో ఎవరూ అనలేదు. అప్పటికి ఆయన చెరువులో చాలామందికి పని దొరికింది. ఏజెంటు మాత్రం టిక్కెట్టు చూపించి, సత్యదుర్గ వెళ్లకపోతే ఇల్లు వెళ్తుందని చెప్పాడు.

సూర్యావతి మర్నాటినుంచి రోజూ సాయంత్రం తాతారావు ఇంటికి వెళ్లేది. సత్యదుర్గకి ప్రయాణానికి జాకెట్లు కుడతానంది. కొలతలు తీసుకోవాలంది. పది రోజులు కొలతలు తీసుకుంది. సత్యదుర్గ అంట్లు తోముతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. సత్యదుర్గ ముక్కుని ఎడమ భుజానికి తుడుచుకోవడం, నడిచేటప్పుడు కుడికాలు కాస్త ఈడ్చడం, మొగుణ్ణి తిట్టేటప్పుడు ముందు లుంగీ దగ్గర మొదలుపెట్టడం, అన్నీ కొలుచుకుంది. మేం చూస్తూనే ఉన్నాం. జాకెట్టుకి ఇన్ని కొలతలెందుకని రాజ్యం ఒక్కర్తే అంది, తన బ్లౌజు గుడ్డ పోయిన కోపంతో.

ఏప్రిల్లో, రాజోలు బస్టాండు నుంచి ప్రయాణం. వీధి వీధంతా సాగనంపడానికి వెళ్లాం. సత్యదుర్గ కొత్త చీర కట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి హైదరాబాదు బస్సెక్కింది. కిటికీలోంచి తల పెట్టి, “ఆ లుంగీ సరిగ్గా కట్టుకోవయ్యా, ఊళ్లో పరువు తియ్యకు,” అంది తాతారావుతో. తాతారావు భోరుమన్నాడు. మేమంతా “జాగర్త సత్యదుర్గా, చేరగానే ఉత్తరం రాయించు,” అన్నాం. ఆవిడ ముక్కు ఎడమ భుజానికి తుడుచుకుంది.

జ్యోతిర్మయి కిటికీ దగ్గరకెళ్లి ఒకటి అడిగింది. “ఆఖరి రంగం చెప్పి ఎల్లండి.”

తల్లిని అండీ అనడమేమిటని రాజ్యం నా వైపు చూసింది.

“నాకేం వచ్చమ్మా? నేను చదువుకున్నదాన్నా?” అంది కిటికీలోని మనిషి. బస్సు కదిలింది.

మేం ఊళ్లోకి వచ్చేసరికి సత్యదుర్గ తన ఇంటి గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. తాతారావు లుంగీ నిజంగానే ఊడిపోయింది. పాస్‌పోర్టు ఫోటో విషయం ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఏముంది? సూర్యావతి వేషం కట్టాక పోలీసులు చూసినా, దొరలు చూసినా ఆ ఫోటో ఆవిడదే. హెడ్మాస్టరుగారు హాజరుపట్టీలో మూడు నెలలు ఆబ్సెంటు వేసి, తర్వాత ఆ పేరు కొట్టేశారు. ఆపైన స్కూల్లో కుట్టు లేదు, పర్యావరణమూ లేదు.

జులైకల్లా స్కూలు బోరింగు ఉప్పెక్కింది. బుల్లిరాజుగారికి మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది, మేడ మీద మేడ వేశారు. రెండో పంటకి తెల్లమచ్చ తెగులొచ్చి నాలుగు రోజుల్లో చెరువంతా తేలిపోయింది. రొయ్యలు పోయాయి, ఉప్పు ఉండిపోయింది. అక్కడ ఇప్పుడు గడ్డి కూడా మొలవదు. నాగేంద్రబాబుగారి తోట గట్టుపక్క రెండు వరసలు ఎండిపోయాయి. ఆయన ఇప్పుడు పెళ్లిళ్లలో కాజా వేస్తే వద్దంటాడు.

పర్యావరణ సంఘం పిల్లలు మాత్రం వృథా కాలేదు. ఒక్క చుక్కతో ఉప్పెంతో చెప్పే నాలికలు కదా, చెరువులాళ్లు గొట్టాలు కొనడం మానేసి వాళ్లనే పెట్టుకున్నారు. సూర్యావతి నేర్పిన చదువుతో ఉద్యోగాలు వచ్చింది వాళ్లకే. జ్యోతిర్మయిని ఐ.పోలవరం దాకా పిలిచేవారు, చెరువులకి నీళ్లు పెట్టే రోజుల్లో. ఆ పిల్ల తండ్రికి చెట్లు లేవు, వద్దనే టీచరు లేదు. వెళ్లి పాడేది. “కూర్చుండి” దగ్గర గొంతు దించేది. దిగాక జాలి వేసుకునేదో లేదో నాకు తెలియదు.

కువైటు నుంచి ఆరునెలలకోసారి ఎవరో ఒకరి చేత క్యాసెట్టు వచ్చేది. మొదటిదాన్ని తాతారావు అరుగు మీద సాలమోను టేపురికార్డరులో పెట్టి అందరం విన్నాం. గొంతు సూర్యావతిదే. అక్కడ నదులు లేవట, సముద్రాన్నే కాచి చల్లార్చి తాగుతారట. “మీరేమో ఉన్న తీపిని ఉప్పు చేసుకున్నారు, వీళ్లు ఉప్పుని తాగే నీళ్లు చేసుకున్నారు. ఎవరు తెలివైనవాళ్లో నోటుపుస్తకంలో రాయండి,” అంది. ఆవిడ నవ్వింది, టేపురికార్డరు కింద కాస్త నీళ్లు కారాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాం. ఏ రుచీ లేదు. రెండో క్యాసెట్టులో గొంతు కాస్త బొంగురుగా, మధ్యమధ్యలో ముక్కు చీదుతూ వచ్చింది. మూడోది మొదలవడమే తాతారావు లుంగీతో మొదలైంది. దాని కింద అరుగు పొడిగానే ఉంది.

తొంభై తొమ్మిది మే నెలలో రెండేళ్ల ఒప్పందం అయిపోయి ఆవిడ తిరిగివచ్చింది. ఆటో దిగి, భుజాన పెద్ద పూలపూల దుప్పటి వేసుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ తిన్నగా తాతారావు ఇంట్లోకి వెళ్లింది. లోపల్నుంచి సత్యదుర్గ వచ్చింది. ఇద్దరూ ఒకేసారి “ఎవరే నువ్వు?” అన్నారు.

హెడ్మాస్టరుగారు వచ్చి, “సూర్యావతీ, ఇదేంటమ్మా? ఇహ చాలు. మళ్లీ చేరుదువుగాని, దరఖాస్తు మీద సంతకం పెట్టు,” అన్నారు.

“నాకు సంతకం రాదండి, బాబుగారు. ఏలిముద్రే,” అంది. కుట్టు మిషను ముందు కూర్చోబెడితే సూదిలోకి దారం ఎక్కించడం తెలియలేదు. వారం చూశాం, నెల చూశాం, మాకు తెలిసి ఆవిడ వేషం తియ్యడానికి రోజు పట్టేది. రెండేళ్ల వేషం తియ్యడానికి ఎంత పడుతుందో లెక్క కట్టగలిగిన మనిషి ఆవిడే.

ఒక సాయంత్రం జ్యోతిర్మయి వాళ్లిద్దరినీ అరుగు మీద పక్కపక్కన కూర్చోబెట్టి, వాకిట్లో నిలబడి ఉప్పునీళ్ల పద్యం పాడింది. ఎదుటి పద్యం ఎత్తుకుంటారేమోనని ఆగింది. వాకిలంతా ఉప్పునీళ్లు. ఇద్దర్లో ఒకావిడ ఏడ్చింది. మేమంతా ముందుకు వంగాం. ఏడ్చింది ఊళ్లోనే ఉన్న సత్యదుర్గ. కువైటు నుంచి వచ్చినావిడ కాళ్లు పైకి పెట్టుకుని, “గొంతు బాగుందే పిల్లా. ఎవరు నేర్పేరు?” అంది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరు సత్యదుర్గలున్నారు. రేషను కార్డులో ఒక్క సత్యదుర్గే ఉంది, బియ్యం ఒకరికే వస్తాయి. తాతారావుని ఇద్దరూ తిడతారు. జ్యోతిర్మయి ఒకరిని అమ్మా అని, ఒకరిని అమ్మా అండీ అని పిలుస్తుంది. నాలుగో పాదం ఎవరికీ తెలియదు. నీళ్ల ట్యాంకరు రాజోలు నుంచి రెండు రోజులకోసారి వస్తుంది, రాజ్యం బిందె వరసలో మొదటిది, ఇటుకతో సహా.